సరయేవోలో హత్య జరిగితే జర్మనీ సైన్యం బెల్జియంలోకి ఎందుకు వెళ్ళింది?

కొత్తచదువరి

మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఈమధ్య కాస్త వివరంగా చదవడం మొదలుపెట్టాను. ఒక్కచోట మాత్రం ముందుకు సాగలేకపోతున్నాను. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను కాల్చి చంపినవాడు గావ్రిలో ప్రిన్సిప్ అనే బోస్నియా సెర్బు యువకుడు. అంటే తగవు ఆస్ట్రియాకూ సెర్బియాకూ మధ్య. కానీ ఆగస్టు 4న జర్మనీ సైన్యం సరిహద్దు దాటి అడుగుపెట్టింది బెల్జియంలో! ఆ దేశానికి హత్యతో గానీ, సెర్బియాతో గానీ ఏ సంబంధమూ లేదు. ఏ కూటమిలోనూ చేరలేదు. "ఐరోపా రెండు కూటములుగా చీలిపోయింది, అందువల్ల యుద్ధం వచ్చింది" అని పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి. చీలిపోవడానికీ యుద్ధం రావడానికీ మధ్య ఏం జరిగిందో ఎవరైనా విడమరిచి చెబుతారా?

చరిత్రప్రియ

ముందు తేదీలు వరుసగా పెట్టుకుంటే సగం చిక్కు వీడుతుంది. జులై 23న ఆస్ట్రియా 48 గంటల గడువుతో సెర్బియాకు అల్టిమేటం ఇచ్చింది, 28న యుద్ధం ప్రకటించింది. సెర్బియాకు అండగా ఉన్న రష్యా 30న సర్వ సైనిక సమీకరణకు, అంటే మొత్తం సైన్యాన్ని యుద్ధానికి కూడదీయడానికి, ఆదేశించింది. ఆస్ట్రియా మిత్రదేశమైన జర్మనీ ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. 4న బెల్జియంలో ప్రవేశించింది. ఆ రాత్రే బ్రిటన్ దిగింది.

ఒకవైపు జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల త్రైపాక్షిక కూటమి, 1882 నాటిది. మరోవైపు 1894లో ఖరారైన ఫ్రాన్స్-రష్యా సైనిక ఒప్పందం. బ్రిటన్ 1904లో ఫ్రాన్స్‌తోనూ, 1907లో రష్యాతోనూ కుదుర్చుకున్న అవగాహనలు దానికి తోడు. ఒకరిని ముట్టుకుంటే అందరూ లేచే ఏర్పాటు ఇది. కూటములే కారణమనడం సబబేనని నా అభిప్రాయం.

ఎర్రసిరా

చరిత్రప్రియ గారూ, తేదీలతో నాకు పేచీ లేదు. "ఒకరిని ముట్టుకుంటే అందరూ లేస్తారు" అన్న మాటతోనే పేచీ. అలాగైతే ఇటలీ ఎందుకు లేవలేదు? త్రైపాక్షిక కూటమి ఆత్మరక్షణ కోసం పుట్టింది, ఇక్కడ దాడికి దిగింది ఆస్ట్రియాయే కాబట్టి మాకు బాధ్యత లేదని ఇటలీ తటస్థంగా ఉండిపోయింది. 1915 మేలో ఎదుటి పక్షంలో చేరి ఆస్ట్రియా మీదే యుద్ధం ప్రకటించింది. రుమేనియా సంగతీ అంతే. 1883 నుంచి ఆస్ట్రియాతో రహస్య ఒప్పందం ఉంది. రాజు మొదటి కారోల్ స్వయానా జర్మన్ రాజవంశీకుడు. అయినా ఆయన మంత్రులు, పెద్దలు ససేమిరా అన్నారు. బ్రిటన్‌కైతే ఫ్రాన్స్ కోసం యుద్ధం చేస్తానని రాసిచ్చిన కాగితమే లేదు.

ఇంకో మాట. ఇవే కూటములు 1908-09 బోస్నియా సంక్షోభంలోనూ ఉన్నాయి, 1912-13 బాల్కన్ యుద్ధాల్లోనూ ఉన్నాయి. అప్పుడు పెద్ద యుద్ధం రాలేదు. 1913లో సెర్బియా మీద పడబోయిన ఆస్ట్రియాను వెనక్కి లాగినవారిలో జర్మనీ కూడా ఉంది. అంటే కూటమి మిత్రుణ్ణి ఎగదోయగలదు, ఆపగలదు కూడా.

మరి 1914లో ఎందుకు ఆపలేదు? మిత్రుడు చేజారిపోతాడన్న భయం వల్ల. జర్మనీకి నమ్మదగ్గ పెద్ద మిత్రదేశం ఆస్ట్రియా ఒక్కటే మిగిలింది. దాన్ని ఇంకోసారి నిరుత్సాహపరిస్తే ఒంటరైపోతామని బెర్లిన్ బెంగ. రష్యాను వెనక్కి లాగితే రేపు తన కోసం రాదని పారిస్ బెంగ. యుద్ధం వస్తుందన్న భయం కన్నా మిత్రుడు పోతాడన్న భయం పెద్దదైపోయింది. కూటములు చేసిన అసలు కీడు నా దృష్టిలో ఇది.

పాతపటం

కొత్తచదువరి గారూ, మీరు అడిగింది బెల్జియం గురించి. దానికి సమాధానం కూటముల జాబితాలో దొరకదు, కూటములను చూసి సైనిక కార్యాలయాలు గీసిన పటాల్లో దొరుకుతుంది.

1894 ఫ్రాన్స్-రష్యా ఒప్పందం చదవండి. త్రైపాక్షిక కూటమిలో ఏ ఒక్క దేశం సైన్యాన్ని సమీకరించినా, ఆ కబురు అందగానే, మళ్ళీ సంప్రదించుకోనక్కర లేకుండా, ఫ్రాన్స్, రష్యా రెండూ తమ బలగాలన్నిటినీ సమీకరించి సరిహద్దులకు తరలించాలి. జర్మనీ మీదికి ఫ్రాన్స్ 13 లక్షల మందిని, రష్యా 7 నుంచి 8 లక్షల మందిని పంపాలి. సమీకరణ అంటే యుద్ధ ప్రకటనేనని ఫ్రెంచి జనరల్ బోయిదెఫ్ర్ ఆనాడే రష్యా చక్రవర్తి (జార్) మూడో అలెగ్జాండర్‌తో చెప్పాడు, జార్ ఔనన్నాడు.

జర్మనీ సైనిక ప్రధాన కార్యాలయం దీన్ని ఎలా చదువుకుందో ఊహించండి. తూర్పునా పడమరా ఒకేసారి పోరాటం. 1891 నుంచి 1905 చివరి దాకా దాని అధిపతిగా ఉన్న ష్లీఫెన్ లెక్క ఇది: రష్యా విశాలమైనది, రైళ్ళు తక్కువ, సైన్యం కూడడానికి వారాలు పడుతుంది. ఫ్రాన్స్ చిన్నది, చురుకైనది. కాబట్టి సైన్యంలో అత్యధిక భాగాన్ని ముందు ఫ్రాన్స్ మీదికి పంపి ఆరు వారాల్లో పని ముగించి, అదే సైన్యాన్ని తూర్పుకు తిప్పాలి. కానీ ఫ్రాన్స్ తూర్పు సరిహద్దు నిండా వెర్డన్ నుంచి టూల్ వరకూ, ఎపినాల్ నుంచి బెల్ఫోర్ వరకూ కోటలే. వాటిని బద్దలుకొడుతూ కూర్చుంటే ఆరు వారాలు అక్కడే పోతాయి. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే దారి బెల్జియం.

ఆ తర్వాత వచ్చిన మోల్ట్కే ఇంకో మార్పు చేశాడు. ష్లీఫెన్ నెదర్లాండ్స్ దక్షిణ కొసను కూడా తొక్కుకుంటూ పోవాలనుకున్నాడు. మోల్ట్కే దాన్ని వదిలేశాడు, ఆ దేశం తటస్థంగా ఉంటేనే దాని రేవుల ద్వారా సరుకు వస్తుందని. దాంతో కుడి పార్శ్వంలోని రెండు పెద్ద సైన్యాలు లీజ్ నగరం దగ్గర ఇరుకు దారిలోంచే దూరాలి. అక్కడ చుట్టూ 12 కోటలు. బెల్జియన్లు తేరుకునేలోపే ఆ నగరాన్ని పట్టుకోవాలి. అందుకోసం సమీకరణ పూర్తికాకముందే కొన్ని దళాలు సరిహద్దు దాటాలి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. రష్యా, ఆస్ట్రియా, ఫ్రాన్స్ సైన్యాన్ని సమీకరించి సరిహద్దులో నిలబెట్టి, రాయబారాలు నడుపుతూ కొన్నాళ్ళు ఆగగలవు. జర్మనీ ఆగలేదు. దాని పథకంలో సమీకరణలోనే దాడి ఇమిడి ఉంది. తూర్పు వైపు మాత్రమే మోహరించే ప్రత్యామ్నాయ పథకాన్ని ఏటా సవరిస్తూ వచ్చి 1913లో పక్కన పడేశారు. 1914 ఆగస్టు నాటికి బెర్లిన్ చేతిలో ఒకే పథకం ఉంది. రష్యాతో గొడవ వచ్చినా, సెర్బియా విషయంలో గొడవ వచ్చినా దాని మొదటి అడుగు లీజ్‌లోనే. లీజ్ దాడి వివరం ఛాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్‌కు తెలిసింది జులై 31న! దేశాన్ని నడిపే మనిషికి తన దేశం మొదటి దెబ్బ ఎక్కడ కొట్టబోతోందో నాలుగు రోజుల ముందు దాకా చెప్పలేదంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రైలుపట్టా

పాతపటం గారు చెప్పినదానికి రైళ్ళ లెక్క జోడిస్తాను. జర్మనీ సమీకరణకు దాదాపు 11,000 రైళ్ళు నడిపి 31 లక్షల మందిని తరలించారు. కొలోన్‌లో రైన్ నది మీది హోహెన్‌జోలెర్న్ వంతెన ఒక్కదాని మీదే ఆగస్టు 2 నుంచి 18 వరకూ 2,150 రైళ్ళు దాటాయి. ఒక్కోదానికి 54 పెట్టెలు. సుమారు పది నిమిషాలకొక రైలు, రాత్రీ పగలూ.

ఎదుటివాడి రైళ్ళ వేగం మీ భయాన్ని నిర్ణయిస్తుంది. సమీకరణ 24 గంటలు ఆలస్యమైన ప్రతిసారీ 15 నుంచి 20 కిలోమీటర్ల ఫ్రెంచి నేల శత్రువుకు వదులుకోవలసి వస్తుందని ఫ్రెంచి సైనికాధిపతి జోఫ్ర్ జులై 31న తన ప్రభుత్వానికి రాసిచ్చాడు. అలాంటి కాగితం బల్ల మీద పెట్టాక "ఇంకొక్క రోజు మాట్లాడి చూద్దాం" అని ఏ మంత్రి అనగలడు?

ఇంకోవైపు ఫ్రెంచి అప్పులతో రష్యా పశ్చిమ సరిహద్దుకు కొత్త లైన్లు వేసుకుంటోంది. 1914లో ఆమోదించిన సైనిక విస్తరణ 1917కల్లా పూర్తవుతుంది. అది పూర్తయితే రష్యా నెమ్మది అన్న జర్మనీ లెక్క చెల్లదు. అందుకే "యుద్ధం ఎలాగూ తప్పదు, వచ్చేదేదో ఇప్పుడే రానీ" అన్న వాదన బెర్లిన్‌లో బలపడింది.

మాజీసైనికుడు

దళాలను రైళ్ళలో తరలించే పని నేను కొంతకాలం చేశాను. కాగితం మీద గీత గీసినంత తేలిక కాదు. దిగగానే ముందు కావలసిన సామాను చివర ఎక్కించాలి. ఫిరంగి ఒక రైల్లో, దాని గుండ్లు ఇంకో రైల్లో వెళ్ళి, రెండోది వేరే స్టేషనులో నిలిచిపోతే ఆ ఫిరంగి ఉత్త ఇనుము. 1914లో గుర్రాల బాధ అదనం. వాటిని దించడానికి వాలు వేదికలు ఉన్న స్టేషన్లే కావాలి, దారిలో నీళ్ళు పట్టాలి. ఖాళీ రైళ్ళు వెనక్కి రావడానికి వేరే దారి ఉండాలి. ఒక్క మలుపు దగ్గర పట్టాలు మూసుకుపోతే వెనకున్న రైళ్ళన్నీ బారులు తీరతాయి.

ఆస్ట్రియాకు జరిగింది అదే. సైనికాధిపతి కాన్రాడ్ తన సైన్యాన్ని మూడుగా విభజించాడు. ఒకటి రష్యా వైపు, ఒకటి సెర్బియా వైపు, మధ్యలో అవసరాన్ని బట్టి ఎటైనా పంపే భాగం. ఆ మధ్య భాగాన్ని సెర్బియా మీదికి పంపించాక రష్యా సమీకరణ మొదలైంది. వెంటనే ఉత్తరానికి తిప్పమంటే, బండ్లు కదిలాక మధ్యలో తిప్పితే అంతా అల్లకల్లోలమవుతుందని రైల్వే విభాగం చేతులెత్తేసింది. చివరికి ఆ మధ్య భాగాన్ని (దాని పేరు రెండో సైన్యం) సెర్బియా సరిహద్దు దాకా తీసుకెళ్ళి దించి, ఆగస్టు మూడో వారంలో మళ్ళీ ఎక్కించి రష్యా వైపున్న గలీషియా ప్రాంతానికి పంపారు. రెండుచోట్లా సమయానికి పూర్తిగా అక్కరకు రాలేదు.

అయినా ఒక సంగతి గట్టిగా చెప్పాలి. సైనికాధికారి నోట "అసాధ్యం" అన్న మాట వింటే, అది నిజంగా అసాధ్యమా, లేక దానికి మేము పథకం వేసుకోలేదనా అని పాలకుడు నిలదీసి అడగాలి.

సంధ్యాకిరణం

చర్చ మొత్తం రైలు పట్టాల మీదికి వెళ్ళిపోతోంది, అది నాకు నచ్చడం లేదు. రైళ్ళను నిందిస్తే మనుషులు తప్పించుకుంటారు.

జులై 5న ఆస్ట్రియా దూత పట్టుకొచ్చిన లేఖ చదివి, మీరు ఏం చేసినా మా మద్దతు ఉంటుందని జర్మనీ చక్రవర్తి (కైజర్) విల్హెల్మ్ మాటిచ్చాడు. మర్నాడు ఛాన్సలర్ దాన్ని ఖాయం చేశాడు. ఆ రోజు ఏ రైలూ కదలలేదు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. ఆ తర్వాత వియన్నా రెండు వారాలకు పైగా తీరుబడిగా కూర్చుని, సెర్బియా ఒప్పుకోలేని షరతులను ఏరి ఏరి రాసింది. అప్పుడు రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గ్ పర్యటనలో ఉన్న ఫ్రెంచి అధ్యక్షుడు పోయంకరే ఓడెక్కి వెళ్ళిపోయేదాకా ఆగి మరీ అల్టిమేటం ఇచ్చింది, రష్యా, ఫ్రాన్స్ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకుండా. సెర్బియా జవాబు చదివిన కైజరే ఇక యుద్ధానికి కారణం లేదని రాసుకున్నాడు. అయినా అదే రోజు, జులై 28న, ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. ఇవన్నీ కోట్లు తొడుక్కున్న మంత్రులు, దొరలు చేసిన పనులు. పథకాలు తర్వాత వాళ్ళ చేతులు కట్టేశాయి, నిజమే. కానీ చేతులు అందించింది వాళ్ళే.

రైలుపట్టా

సంధ్యాకిరణం గారూ, జులై 28 వరకూ మీ మాటకు నేను అడ్డు చెప్పను. 29, 30 తేదీల్లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగింది చూడండి.

జార్ నికోలస్ కోరిక ఆస్ట్రియాకు మాత్రమే హెచ్చరికగా నిలిచే పాక్షిక సమీకరణ. కీవ్, ఒడెస్సా, మాస్కో, కజాన్ మండలాలు చాలు, జర్మనీని రెచ్చగొట్టవద్దని. కానీ అలాంటి పథకం సైన్యం దగ్గర సిద్ధంగా లేదు. వార్సా మండలం ఇటు జర్మనీకీ, అటు ఆస్ట్రియాకూ ఆనుకుని ఉంది. దాన్ని వదిలేసి మిగతావి కదిలిస్తే, రేపు సర్వ సమీకరణ అవసరమైతే ఏర్పాట్లన్నీ తారుమారవుతాయని జనరళ్ళు పట్టుబట్టారు.

29వ తేదీ రాత్రి సమీకరణ విభాగం అధిపతి జనరల్ దొబ్రరోల్‌స్కీ సంతకాలు పూర్తయిన సర్వ సమీకరణ ఆదేశం పట్టుకుని కేంద్ర తంతి కార్యాలయానికి వెళ్ళాడు. దేశమంతటికీ ఒకేసారి పంపడానికి ప్రతులు సిద్ధమవుతున్నాయి. అంతలో సైనికాధిపతి యానుష్కేవిచ్ నుంచి ఫోను: ఆపండి. కైజర్ నుంచి వచ్చిన తంతి చదివి జార్ మనసు మార్చుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి సజోనోవ్ పీటర్‌హోఫ్ రాజభవనానికి వెళ్ళి జార్‌ను మళ్ళీ ఒప్పించాడు. ఈసారి ఆదేశం అందాక ఫోను పగలగొట్టి ఎవరికీ చిక్కకుండా ఉంటానని యానుష్కేవిచ్ ముందే చెప్పి ఉంచాడు. చక్రవర్తికి ఇంకోసారి మనసు మారితే ఆ మాట తన చెవిన పడకూడదని! ఆ సాయంత్రం తంతులు వెళ్ళిపోయాయి.

ఎర్రసిరా

అదే రోజు బెర్లిన్‌లో ఇంకా ఘోరం. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ పట్టుకుని అక్కడే ఆగి చర్చలకు రండి అని బెత్‌మన్ వియన్నాకు తంతి ఇచ్చాడు. మోల్ట్కే వేరే తంతిలో, రష్యా మీదికి వెంటనే సైన్యాన్ని సమీకరించండి అని కాన్రాడ్‌ను తొందరపెట్టాడు. రెండూ చూసిన ఆస్ట్రియా విదేశాంగ మంత్రి బెర్హ్‌టోల్డ్, బెర్లిన్‌లో ఇంతకీ పాలిస్తున్నది మోల్ట్కేనా, బెత్‌మనా అని అడిగాడు. ఏ తంతి నచ్చితే దాన్నే పాటించవచ్చు కదా. పాటించారు.

పాతపటం

ఆగస్టు 1 సాయంత్రం కూడా చెప్పుకోవాలి. సమీకరణ ఆదేశం మీద కైజర్ సంతకం అయిపోయింది. అప్పుడు లండన్‌లోని రాయబారి లిహ్నోవ్‌స్కీ నుంచి తంతి: ఫ్రాన్స్ మీద దాడి చేయకపోతే బ్రిటన్ తటస్థంగా ఉంటుంది, ఫ్రాన్స్‌నూ ఆపుతుంది అన్నట్టు ఉంది. కైజర్ ఆనందం పట్టలేక, అయితే సైన్యం మొత్తాన్ని తూర్పుకు పంపుదాం అన్నాడు. లక్షల సైన్యం మోహరింపును అప్పటికప్పుడు మార్చడం కుదరదని, అలా చేస్తే అక్కడికి చేరేది సైన్యం కాదు, తిండిలేని సాయుధుల గుంపు అవుతుందని మోల్ట్కే బదులిచ్చాడు. "మీ పెదనాన్న అయితే ఇంకోలా చెప్పేవాడు" అని కైజర్ దెప్పాడు. ఆ పెదనాన్న 1870లో ఫ్రాన్స్‌ను ఓడించిన పెద్ద మోల్ట్కే.

లక్సెంబర్గ్‌లోకి వెళ్ళవలసిన 16వ డివిజన్‌ను ఆపమన్నారు. కానీ ఆదేశం అందేలోపే ఒక చిన్న దళం సరిహద్దు దాటి ఒక రైల్వే స్టేషనును పట్టుకుంది. ఆ వెనకాలే ఇంకొందరు వచ్చి, పొరపాటైందని వాళ్ళను వెనక్కి తీసుకెళ్ళారు. రాత్రి పదకొండు దాటాక, లండన్ అలాంటి ప్రతిపాదనేదీ చేయలేదని తేలింది. ఇక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి అన్నాడు కైజర్. మర్నాడు లక్సెంబర్గ్ మొత్తం ఆక్రమణలోకి వెళ్ళింది.

మాజీసైనికుడు గారి మాటకు రుజువు ఇక్కడే ఉంది. సైన్యాన్ని తూర్పుకు తిప్పడం సాధ్యమయ్యేదేనని యుద్ధం తర్వాత జనరల్ ఫాన్ స్టాబ్స్ వాదించాడు. ఆయన ఎవరో కాదు, జర్మనీ సైన్యపు రైల్వే విభాగానికి అధిపతిగా పనిచేసినవాడు.

చరిత్రప్రియ

బ్రిటన్ గురించి ఎర్రసిరా గారు "కాగితం లేదు" అన్నారు. కాగితం లేదు గానీ ఏర్పాటు ఉంది. 1906 నుంచి బ్రిటిష్, ఫ్రెంచి సైనికాధికారుల మధ్య మంతనాలు నడిచాయి. మంత్రివర్గంలో చాలామందికి ఆ సంగతి 1911 దాకా తెలియదు. 1912లో ఫ్రాన్స్ తన నౌకాదళాన్ని మధ్యధరా సముద్రంలో కేంద్రీకరించుకుంది, బ్రిటన్ ఉత్తర సముద్రం మీద దృష్టి పెట్టింది. ఇది ఏ హామీ కిందికీ రాదని ఇద్దరూ లేఖలు రాసుకున్నారు. కానీ ఆగస్టు 3న పార్లమెంటులో బ్రిటన్ విదేశాంగ మంత్రి గ్రే, ఫ్రాన్స్ ఉత్తర తీరం కాపలా లేకుండా పడి ఉందని గుర్తుచేశాడు. హామీ ఇవ్వలేదంటూనే, ఎదుటివాడు మనల్ని నమ్మి తలుపు తీసి పెట్టుకునేలా చేశాక, కాదనడానికి నోరెలా వస్తుంది? 1839 ఒప్పందం ప్రకారం బెల్జియం తటస్థతకు ఇచ్చిన పూచీ మిగతా పని పూర్తిచేసింది.

కొత్తచదువరి

అందరికీ ధన్యవాదాలు. బెల్జియం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్క సందేహం. అణ్వాయుధాలు వచ్చాక ఇలాంటి "ఒకే పథకం" జబ్బు పోయిందా? అంత పెద్ద ప్రమాదం ముందు అందరూ జాగ్రత్తపడి ఉంటారు కదా.

పాతపటం

పోలేదు, ముదిరింది. 1960 చివర్లో అమెరికా తన అణు దాడులన్నిటినీ ఒకే పథకంగా కూర్చింది. సోవియట్ యూనియన్‌తో యుద్ధం వస్తే చైనా నగరాల మీదా బాంబులు పడతాయి. ఆ యుద్ధంలో చైనా లేకపోతే? ఈ ప్రశ్న మెరీన్ దళాధిపతి డేవిడ్ షూప్ అడిగాడు. చైనాను వదిలేస్తే పథకం దెబ్బతింటుందని వ్యూహాత్మక వైమానిక దళాధిపతి జవాబు. ఈ యుద్ధం చైనాది కాకపోయినా కోట్లమంది చైనీయులను చంపే పథకం మంచి పథకం కాదు, అది మన పద్ధతి కాదు అన్న అర్థంలో షూప్ ఎదురు చెప్పాడు. ఆ సమావేశంలో అలా నోరు విప్పినవాడు ఆయన ఒక్కడే. 1914లో బెర్లిన్‌కు కావలసింది అలాంటి మనిషే. ఆ తర్వాత కెనెడీ ప్రభుత్వం ఆ పథకాన్ని విడదీసి, కొన్ని లక్ష్యాలను వదిలేసే వీలు కల్పించింది.

సంధ్యాకిరణం

1962 క్యూబా సంక్షోభమే నా వాదానికి సాక్ష్యం. క్యూబాలోని సోవియట్ క్షిపణి స్థావరాల మీద వెంటనే దాడి చేయాలని సైనికాధిపతులు ఒత్తిడి తెచ్చారు. కెనెడీ ఒప్పుకోక నౌకా దిగ్బంధం పెట్టి రోజులు సంపాదించాడు. క్రుశ్చేవ్ కూడా ఆ రోజులను వాడుకున్నాడు. టర్కీలోని అమెరికా క్షిపణులను తీసేసే బేరం రహస్యంగా కుదిరింది. మరుసటి ఏడాది మాస్కో, వాషింగ్టన్ మధ్య నేరుగా సందేశాలు పంపుకునే లైను వేశారు. పథకాలు, జనరళ్ళు, కూటములు అన్నీ అప్పుడూ ఉన్నాయి. పాలకుడు కాదనగలిగాడు. అందుకే 1914లో కాదనలేకపోయినవాళ్ళను నేను క్షమించలేను.

మాజీసైనికుడు

క్షమించాలని నేనూ అనను. కానీ ప్రతి సంక్షోభంలోనూ కెనెడీ లాంటివాడు ఉంటాడని నమ్ముకోలేం కాబట్టి, గడువును ముందే ఒప్పందాల్లోకి ఎక్కించాలి. 1986 స్టాక్‌హోమ్ ఒప్పందం చేసింది అదే. ఐరోపాలో 13,000 మంది లేదా అంతకు మించి విన్యాసాలు చేస్తే 42 రోజుల ముందు ఎదుటి పక్షానికి తెలియజేయాలని, వాళ్ళు వచ్చి తనిఖీ చేస్తామంటే కాదనకూడదని అందులో రాసుకున్నారు. 1986-87లో బ్రాస్‌టాక్స్ విన్యాసాల సమయంలో భారత, పాకిస్థాన్ సైన్యాలు ఎదురెదురుగా మోహరించి హడలెత్తించాక, 1991లో ఆ రెండు దేశాలూ పెద్ద విన్యాసాలను ముందే తెలుపుకునే ఒప్పందం చేసుకున్నాయి. ఎదుటివాడి కదలిక దాడి కోసమా, అభ్యాసం కోసమా అని రాత్రికి రాత్రి ఊహించుకోవలసిన అవస్థ అంతమేరకు తగ్గుతుంది.

ఎర్రసిరా

ఆ అంకెలను దాటవేసే దారులూ ఉన్నాయి. 2017లో రష్యా, బెలారుస్ తమ జపాద్ విన్యాసాల్లో పాల్గొనేది 12,700 మంది అని ప్రకటించాయి. ఐరోపా నిబంధనల ప్రకారం 13,000 చేరితే విదేశీ పరిశీలకులను పిలవాలి. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని నాటో దేశాలు అన్నాయి. ఒప్పందం ఉండటం మేలే. కానీ దాన్ని నిలబెట్టేది తనిఖీకి వచ్చినవాణ్ణి ఎక్కడికైనా తిరగనివ్వడం. ఎవరు తిరగనిస్తున్నారు, ఎవరు గేటు దగ్గరే ఆపేస్తున్నారు అన్నది చూస్తే సంకల్పం తెలుస్తుంది.